తిరిగితే తెలుపు

తెల్లరాళ్ళగూడెం ప్రజల పళ్ళు తెల్లనివేనని 1961వ సంవత్సరం మాఘ మాసంలో ప్రభుత్వం అధికారికంగా ధ్రువీకరించింది. ఊళ్ళో మూడు చోట్ల డప్పు కొట్టించి ఆ సంగతి చాటించారు. ప్రజలు ఆ పూట నుంచి తమ పళ్ళను తెల్లనివిగా పరిగణించవలసిందనీ, ఇందుకు భిన్నమైన అభిప్రాయం గలవారు పదిహేను రోజుల్లోగా రాతమూలకంగా తెలియజేసుకోవచ్చుననీ చాటింపులో ఉంది. డప్పు కొట్టిన మైసయ్య అలవాటు కొద్దీ చివర ఒకసారి నవ్వాడు. ఆ నవ్వు కాచిన చింతపులుసు రంగులో ఉంది. అయితే అది ఉత్తర్వుకు ముందటి రంగు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ విజయం వెనక భిక్షం అనే రైతు రెండేళ్ళ శ్రమ ఉంది. అతను అడిగింది ఇది కాదు. అడిగినదానికంటే గొప్పదే ఇచ్చామని పెద్ద కార్యాలయం వారు అంటారు. పెద్ద కార్యాలయం వారు అన్నాక కాదనడానికి మనమెవరం?

భిక్షం అడిగింది నీళ్ళు. అలాగని ఊళ్ళో బావులు లేక కాదు. నాలుగున్నాయి. వాటిలో నీళ్ళు చూడడానికి అద్దంలా ఉండేవి, తాగినవాళ్ళ పళ్ళ మీద మాత్రం ఏటేటా ఒక్కో పొర రంగు ఎక్కించేవి. పళ్ళ తరవాత నడుములు, నడుముల తరవాత మెడలు పట్టేసేవి. భిక్షం తల్లి నర్సింగమ్మ ఆకాశం చూసి ఆరేళ్ళయింది. వాన వస్తుందా అని అడిగితే ఆమె నేల వైపు చూసి చెప్పేది, చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. భిక్షం భార్య సోమమ్మ రోజూ మూడు మైళ్ళు నడిచి, మర్రిగూడ తోవలో గోపయ్య చెలకలో ఉన్న బావి నుంచి రెండు కడవల మంచినీళ్ళు మోసుకొచ్చేది. ఆ బావి నుంచి ఊళ్ళోకి ఒక గొట్టం వేసి చివర ఒక నల్లా బిగిస్తే చాలు, భిక్షానికి ప్రభుత్వంతో మరే పేచీ లేదు. పళ్ళకు రంగెక్కిన ఊళ్ళకు మంచినీళ్ళ గొట్టం వేస్తున్నారని మర్రిగూడ అంగడిలో విన్నాడు. అతను ఉర్దూ బళ్ళో నాలుగు తరగతులు చదివాడు, తెలుగు సొంతంగా నేర్చుకున్నాడు. ఆ రెండు చదువులూ కలిపి ఒక దరఖాస్తు రాశాడు.

"మా ఊరి నీళ్ళతోని మా పండ్లన్నీ పచ్చగైనయి. దయచేసి జర చూడవలెను."

పాఠకులకు తెలియనిది కాదు, ఆ ప్రాంతంలో చెట్టుకు కాసేవీ పండ్లే, నోట్లో మొలిచేవీ పండ్లే. మాట్లాడే మనిషి ముఖం చూస్తే ఏవో తెలిసిపోతుంది. దరఖాస్తుకు ముఖం ఉండదు కాబట్టి అది నేరుగా పండ్లతోటల విభాగానికి పోయింది. మూడు నెలలకు జవాబు వచ్చింది. "మీ పండ్లు పచ్చగా ఉన్నందుకు ఆందోళన చెందనవసరం లేదు. అవి ఇంకా పండలేదు. పండే వరకు కోయరాదు." దానితోపాటు రెండు నిమ్మ మొక్కలు, ఒక్కో మొక్కకు రోజూ ఒక కడవ చొప్పున మంచినీళ్ళు పోయాలనే సూచన కూడా వచ్చాయి. భిక్షం చదివి వినిపిస్తే సోమమ్మ మొక్కలు రెండూ చేతిలోకి తీసుకుంది.

"గీటిని గోపయ్య బాయి కాడనే పెడుదామయ్యా. అవన్న బతుకుతయి" అంది.

భిక్షం రెండో దరఖాస్తులో జాగ్రత్తపడ్డాడు. "చెట్టు పండ్లు గావు, నోట్లె ఉన్న పండ్లు" అని రాసి కింద గీత కూడా గీశాడు. ఈసారి జవాబు నెలలోనే వచ్చింది. పండ్లను నోట్లో ఎక్కువకాలం ఉంచుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదనీ, బాగా నమిలి మింగవలసిందనీ అందులో సలహా ఇచ్చారు. అది విని నర్సింగమ్మ తనకు మిగిలిన ఐదు పళ్ళనూ నాలుకతో ఒకసారి తడిమి చూసుకుంది.

"మింగితె నీళ్ళిస్తమన్నరా కొడుకా?" అని అడిగింది.

ఇక లాభం లేదని భిక్షం నోరు వెంటబెట్టుకొని తానే కార్యాలయానికి పోయాడు. అక్కడ ఒక గుమాస్తా ముందు నిలబడి నోరు తెరిచాడు. ఆ గుమాస్తా నిజాయితీపరుడు. లోపలికి చూసి, "దంతములు. రంగు: పచ్చ" అని రాసుకున్నాడు. రెండు మాటల్లో అసలు విషయం కాగితం మీదికి ఎక్కినందుకు భిక్షం అతనికి దండం పెట్టాడు. పాపం, అతనికేం తెలుసు, చిక్కంతా ఆ రెండో మాటలోనే ఉందని!

ఊళ్ళో పసుపూ పచ్చే, గడ్డీ పచ్చే, ఉడకని కూరా పచ్చిదే. దాని వల్ల ఎన్నడూ ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. పెద్ద కార్యాలయంలో మొదటి బల్ల అధికారికి పచ్చ అంటే ఆకుపచ్చ. "ప్రజల పళ్ళు ఆకుపచ్చగా మారినవి. వారు గడ్డి తినుచున్నట్లు అనుమానించవలసి ఉన్నది" అని రాసి ఆయన కాగితాన్ని పశువుల విభాగానికి పంపాడు. వారు వచ్చి, భిక్షం గడ్డివామును నాలుగు వైపులా కొలిచి, మనుషులకూ పశువులకూ మేత వేరువేరుగా ఉంచుకోవాలని హితవు చెప్పి పోయారు. రెండో బల్ల అధికారికి పచ్చ అంటే పసుపుపచ్చ. ఆయన మొదటి బల్ల రాతను కొట్టేశాడు. మొదటి బల్ల ఆ కొట్టివేతను కొట్టేసింది. కొద్దికాలంలోనే కార్యాలయం ఆకుపచ్చ వర్గం, పసుపుపచ్చ వర్గం అని రెండుగా చీలింది. ఒక వర్గం వారు టీ తాగే హోటల్లో రెండో వర్గం వారు మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. వాళ్ళకు ఇంకో హోటలుంది కాబట్టి గడిచిపోయింది.

తగవు పై అంతస్తుకు చేరింది. పై అంతస్తు వారు దూరదృష్టి గలవారు. గొట్టం సంగతి తరవాత, ముందు రంగు సంగతి తేల్చాలని నిశ్చయించి, "వర్ణ నిర్ధారణ విభాగం" అనే కొత్త విభాగం నెలకొల్పారు. దానికి అధికారిగా రామచంద్రం గారిని వేశారు. ఆయన పదకొండేళ్ళ కిందట రంగుల శాస్త్రం మీద ఒక లావుపాటి పుస్తకం చదివాడు. అప్పటి నుంచీ అందులో విషయాలు ఎవరికైనా చెబుదామని చూస్తున్నాడు. ఇంట్లో వాళ్ళు కూడా వినలేదు. అటువంటి మనిషికి ఊరంతా నోరు తెరుచుకొని కూర్చోవలసిన ఉద్యోగం దొరికింది.

రామచంద్రం గారి జీపు తెల్లరాళ్ళగూడెం వచ్చేసరికి సోమమ్మ అప్పుడే నీళ్ళు తెచ్చి కడవలు దించింది. ఆయన ఒక కడవతో ముఖం కడుక్కొని, కాళ్ళు కడుక్కొని, టీ పెట్టించుకున్నాడు. రెండో కడవ శాస్త్రానికి కావలసి వచ్చింది. రంగు చూసే ముందు ప్రతి నోటినీ శుద్ధమైన నీటితో పుక్కిలింపజేయాలని పుస్తకంలో ఉందట. అది పది నోళ్ళకే అయిపోయింది. సోమమ్మ ఖాళీ కడవలు తీసుకొని మళ్ళీ గోపయ్య బావి తోవ పట్టింది.

ఆమె వచ్చేలోగా ఉపన్యాసం పెట్టారు. మిషన్ బడి వరండాలో జనం కూర్చున్నారు. అధికారి పక్కన బడిపంతులు యోహాను నిలబడి, నాలుకతో తడిచేసి రాసే పెన్సిలుతో పేర్ల పట్టిక రాస్తున్నాడు. రామచంద్రం గారు గొంతు సవరించుకున్నారు.

"మహాజనులారా! రంగుకు పేరు పెట్టడం అనాగరికం. వంకాయ రంగు అంటారు. ఏ వంకాయ? ఎక్కడి వంకాయ? ఎంత ముదిరిన వంకాయ? నాగరిక ప్రపంచంలో రంగుకు పేరుండదు, చిరునామా ఉంటుంది!" అని, నల్లబల్ల మీద గుండ్రంగా ఒక బొమ్మ గీశారు. "రంగుల లోకం ఒక బావి వంటిది."

జనంలో కదలిక పుట్టింది. "బాయి అన్నడు!" అని వెనక వరసకు కబురందింది.

"బావి గోడ వెంట చుట్టూ నడవండి. రంగు మారుతూ పోతుంది. ఇక్కడ ఎరుపు, ఇక్కడ పసుపు, ఇక్కడ ఆకుపచ్చ, ఇక్కడ నీలం, మళ్ళీ ఎరుపు. మెట్లు దిగండి, రంగు చీకటవుతుంది. ఎక్కండి, వెలుతురవుతుంది. నట్టనడుమ చేంతాడు వేలాడే చోట ఏ రంగూ ఉండదు, వట్టి బూడిద. అక్కడి నుంచి గోడ దగ్గరికి జరిగే కొద్దీ రంగు చిక్కబడుతుంది. కాబట్టి మూడే ప్రశ్నలు! ఏ వైపు? ఎన్నో మెట్టు? నడుమ నుంచి ఎంత దూరం? మూడు అంకెలు చెప్పారంటే లోకంలో ఏ రంగునైనా ఈ బావిలో వెతికి పట్టుకోవచ్చు!"

"సారూ, ఎంత లోతు?" భిక్షం లేచి నిలబడ్డాడు.

"పది మెట్లు."

"పది మెట్లకే నీళ్ళు పడ్తయా!"

"అడుగుకు పోతే అంతా నల్లన."

"నల్లానట! నల్లా గూడ పెడ్తరట!" అని ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. ఎవరో పరుగున పోయి కొబ్బరికాయ తెచ్చి నల్లబల్ల ముందు కొట్టారు. కొబ్బరినీళ్ళు బల్ల మీద చింది బావిలో ఎరుపు వైపు కొంత చెరిగిపోయింది. తన శాస్త్రానికి ఇంత ఆదరణ రామచంద్రం గారు కలలో కూడా ఊహించలేదు. ఆయనకు కళ్ళు చెమర్చాయి.

"ఎప్పుడు తవ్వుడు మొదలువెడ్తరు సారూ?" అన్నాడు భిక్షం.

"దీన్ని ఎక్కడా తవ్వరు నాయనా. ఇది బావి కాదు, భావన."

బాయి కాదట, బావననట, అని ఆ కబురు కూడా వెనక వరసకు అందింది. కొబ్బరికాయ కొట్టినాయన లేచి చిప్పలు రెండూ తీసుకొని ఇంటికి పోయాడు.

తరవాత, సోమమ్మ నీళ్ళ కోసం ఆగకుండానే, పరీక్ష మొదలైంది. రామచంద్రం గారి దగ్గర ఒక చెక్కపెట్టె ఉంది. అందులో అరల నిండా రంగు వేసిన చిన్న అట్టముక్కలు, ఒక్కోదాని వెనక మూడేసి అంకెలు. నోటి ముందు ఒక్కొక్క ముక్కా పెట్టి చూసి, సరిపోయినదాని అంకెలు చెబితే, యోహాను పెన్సిలు నాలుకకు తాకించుకొని రాసుకునేవాడు. భిక్షానికి మూడో వైపు, ఆరో మెట్టు, నాలుగో దూరం వచ్చింది. మైసయ్యకు నాలుగో మెట్టు, ఆరో దూరం వచ్చిందని తెలిసి, ఒకే బావి నీళ్ళు తాగిన తమకు రెండు దూరాలు తక్కువెందుకు రావాలని ఇద్దరు ముగ్గురు పేచీ పెట్టారు. సాయంత్రానికి ఊళ్ళో పలకరింపులు మారాయి. "తిన్నవా?" అనడం మానేసి "ఎన్నో మెట్టు?" అని అడుగుతున్నారు.

ఇక్కడ శాస్త్రానికి ఒక చిన్న చిక్కు ఎదురైంది. పొద్దుటి పరీక్ష బడి ముందు వేసిన గుడారంలో జరిగింది. గుడారం ఆకుపచ్చ గుడ్డది. ఎండ ఆ గుడ్డలోంచి దిగడంతో పొద్దున వచ్చిన నోళ్ళన్నీ ఆకుపచ్చ వైపు తేలాయి. మధ్యాహ్నం గాలికి గుడారం లేచిపోయి కందిచేలో పడింది. తరవాత ఆరుబయట చూసిన నోళ్ళన్నీ పసుపు వైపు తేలాయి. ఈ విధంగా కార్యాలయంలోని రెండు వర్గాల మాటా నిజమేనని రుజువైనందుకు రామచంద్రం గారు ఎంతో సంతోషించారు. ఆకువక్క నమిలే ముసలమ్మల నోళ్ళు ఎరుపు వైపు పోయాయి. నర్సింగమ్మ వాళ్ళలో మొదటిది. చివరకు యోహాను నోరు తెరిస్తే అది కటిక నీలం. రోజంతా ఆ పెన్సిలు నాకుతూ అరవై రెండు నోళ్ళ లెక్క రాసిన నోరది.

"అయ్యా, ఇది పండ్ల రంగు గాదు, పెన్సిల్ రంగు" అని యోహాను మొత్తుకున్నాడు.

"కారణాలు మాకు అనవసరం. రంగే ముఖ్యం" అన్నారు రామచంద్రం గారు. ఆ మాట కూడా యోహానే రాసుకోవలసి వచ్చింది.

ఊరికి నాలుగు రంగులు తేలాయి గాని ఫారంలో రంగు రాయడానికి ఉన్నది ఒకే గడి. సరాసరి తీయాలి. రామచంద్రం గారు అట్టతో ఒక పెద్ద చక్రం కత్తిరించి నాలుగు భాగాలు చేశారు. పసుపు నోళ్ళు ముప్పైకి పైగా ఉన్నాయనీ, నీలం నోరు ఒక్కటేననీ, దానికి అంత పెద్ద ముక్క ఎందుకనీ భిక్షం అడిగాడు. రామచంద్రం గారు నొచ్చుకున్నారు. "స్వతంత్ర భారతంలో వర్ణ వివక్ష పనికిరాదు. అన్ని వర్ణాలకూ సమాన భాగం!" అన్నారు. ఊళ్ళో నోటికి తప్ప మరి దేనికీ ఆ మాట ఇంతవరకు వర్తించలేదని మైసయ్య గొణిగాడు గాని, అతను వరండా కింద నిలబడి ఉండడం వల్ల పైకి వినపడలేదు.

నాలుగు భాగాలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగులు పూశారు. యోహాను సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ముందు చక్రానికి ఆ అట్టను కట్టారు. రామచంద్రం గారు చక్రాన్ని గట్టిగా తిప్పారు. రంగులు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి, కలిసిపోయాయి, ఉన్నట్టుండి మాయమయ్యాయి. మిగిలింది తెలుపు. నిజం చెప్పాలంటే ఉతికి ఉతికి మాసిన ధోవతి తెలుపు, అయినా తెలుపే.

"అరె! తెల్లగైంది!" అని ఊరంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు భిక్షం. అంత వింత అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

చప్పట్లు ఆగకముందే రామచంద్రం గారు ఫారంలో గడి నింపారు. "తెలుపు. గొట్టం అవసరం లేదు" అని పైకి చదివి వినిపించారు.

భిక్షం చేతులు గాలిలోనే ఆగిపోయాయి. తన నీళ్ళు పోతుంటే తానే చప్పట్లు కొట్టాడు. అతనికి ముందు సిగ్గు వేసింది, తరవాత ఒళ్ళు మండింది. గబగబా పోయి, పూయగా మిగిలిన నాలుగు రంగులనూ ఒక మట్టిచిప్పలో పోసి, పుల్లతో గిరగిరా కలిపి తెచ్చి అధికారి ముక్కు కింద పెట్టాడు. చిప్పలో ఉన్నది బర్రెలు పొర్లిన మడుగు రంగు.

"సారూ, గవే నాలుగు రంగులు. నేను గూడ కలిపిన. గిది ఏడి తెలుపు?"

అధికారి కోప్పడతాడనుకున్నారంతా. రామచంద్రం గారి ముఖం వెలిగిపోయింది. పుస్తకంలో అది రెండో అధ్యాయం. "భేష్! వెలుగులను కలిపితే కూడిక, నాయనా. కూడుతూ పోతే తెలుపు. రంగుపొడులను కలిపితే తీసివేత. ఒక్కొక్క పొడీ కొంత వెలుగును మింగుతుంది. తీసివేస్తూ పోతే చివరకు మిగిలేది నలుపు. చక్రమూ సత్యమే, చిప్పా సత్యమే. అయితే ప్రభుత్వం వెలుగులో కలుపుతుంది. మీరు చిప్పలో కలుపుతున్నారు."

"మా పండ్లు సైకిల్ చక్రం లెక్క తిరుగయి గద సారూ. ఒక్కతాన్నే ఉంటయి."

"తిరిగితే తెలుపే కదా!"

"తిరుగయి సారూ!"

రామచంద్రం గారు ఆలోచనలో పడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎదుటివాడి మాటలో న్యాయం ఉందని తోస్తే రాసుకునే గుణం ఆయనకుంది. నివేదిక అడుగున ఒక వాక్యం చేర్చారు. "తెల్లరాళ్ళగూడెం ప్రజల పళ్ళు స్వభావరీత్యా తెల్లనివే. తగినంత వేగంతో తిరగకపోవడమే లోపం. ఈ లోపాన్ని ప్రభుత్వం సరిదిద్దవలసి ఉన్నది." జీపు పోయాక, గోపయ్య బావి దగ్గర వంతు కోసం పొద్దుగూకే దాకా నిలబడి వచ్చిన సోమమ్మ కడవలు దించి, ఏమైందని అడిగింది. భిక్షం చిప్ప చూపించాడు.

ఆ వారంలోనే డప్పు చాటింపు జరిగింది. ఎవరి నోరు వారి దగ్గరే ఉంది కాబట్టి జనం దానికీ అలవాటు పడ్డారు. భిక్షం మాత్రం గడువు దాటకుండా అభ్యంతరం రాసి పంపాడు. "మాకు తెల్లటి పండ్లు వద్దు, మంచినీళ్ళు గావాలె" అని, ఈసారి ఉర్దూలో కూడా రాశాడు. దానికి జవాబుగా ఫాల్గుణంలో ఊళ్ళోకి ఒక లారీ వచ్చింది. లారీ మీద పొడుగాటి ఇనుప గొట్టాలు కనిపించాయి. భిక్షం పొలంలోంచి కాలికి చెప్పుల్లేకుండా ఉరికొచ్చాడు. గొట్టాలను చేత్తో నిమిరాడు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. లారీ లోపల నుంచి ఒకటి తరవాత ఒకటి కొయ్యగుర్రాలు దించడం చూశాక గాని, ఆ గొట్టాలు దేనికో అతనికి అర్థం కాలేదు.

అది రంగుల రాట్నం. జాతరల్లో పిల్లలు ఎక్కి తిరిగేది. పళ్ళు తిరగక బాధపడుతున్న ప్రజలకు ప్రభుత్వం వారి కానుక.

ప్రారంభోత్సవానికి పెద్ద కార్యాలయం నుంచి పెద్దసారు స్వయంగా విచ్చేశారు. మైకు కట్టారు, తోరణాలు కట్టారు. ఎరుపు నోళ్ళను ఒక వైపు గుర్రాల మీద, పసుపు నోళ్ళను ఒక వైపు, ఆకుపచ్చ నోళ్ళను ఒక వైపు కూర్చోబెట్టారు. నీలం వైపు మొత్తం యోహాను ఒక్కడే నాలుగు గుర్రాలకు బాధ్యత వహించాడు. రాట్నం తిరిగినంతసేపూ అందరూ పళ్ళు బయటపెట్టి ఉంచాలని ఉత్తర్వు. రాట్నం తిప్పే పనికి ఊళ్ళో ఉన్న బలమైన ఎద్దులను కట్టారు. వాటి పళ్ళను ఎవరూ పరీక్షించలేదు.

పెద్దసారు ఉపన్యసించారు. "సోదర సోదరీమణులారా! నీళ్ళు ఈ రోజు ఉంటాయి, రేపు ఇంకిపోతాయి. విజ్ఞానం ఇంకిపోదు. ఒకప్పుడు రాజులు గుర్రాలెక్కేవారు. నేడు సామాన్యుడు గుర్రమెక్కి తన పళ్ళు తానే తెల్లబరుచుకుంటున్నాడు. ఇంతకంటే ప్రజారాజ్యం ఏముంటుంది? మీరంతా చల్లగా, పచ్చగా ఉండాలి!" చివరి మాటకు కార్యాలయం రెండు వర్గాలూ ఉలిక్కిపడ్డాయి. ఏ పచ్చో చెప్పకుండానే ఆయన కూర్చున్నారు.

రాట్నం తిరిగింది. ముందు మెల్లగా, తరవాత దుమ్ము లేచేంత జోరుగా. నర్సింగమ్మ కూర్చున్న గుర్రానికి వెనక కాలి బోల్టు బిగించడం మరిచారు. వేగం పెరగ్గానే గుర్రం ముందుకాళ్ళు పైకెత్తి వెనక్కి వాలింది. మెడ తిరగని ముసలిది గుర్రంతోపాటే వెల్లకిలా అయింది. ఆరేళ్ళ తరవాత మొదటిసారి ఆకాశం ఆమె కంటబడింది.

"కొడుకా! ఆకాశం కనవడ్తాంది!" అని అరిచింది. మరో చుట్టు తిరిగొచ్చాక, "మబ్బు లేదురా! ఈయేడు గూడ నీళ్ళు లేవు!" అని చెప్పింది.

పెద్దసారు కళ్ళు చికిలించి చూశారు. దుమ్ములో, ఎండలో, ఆ వేగంలో అన్ని నోళ్ళూ కలిసి తెల్లగానే కనిపించాయి. "తెలుపు!" అన్నారు. పత్రికవాళ్ళు ఫోటో తీసుకున్నారు. మర్నాడు అది అచ్చయింది కూడా. నలుపు తెలుపు ఫోటో కావడం వల్ల అందులో ఏ నోటి మీదా ఏ అనుమానానికీ తావు లేకుండా పోయింది.

మాట్లాడి మాట్లాడి, దుమ్ము మింగి, పెద్దసారుకు గొంతు ఎండిపోయింది. మంచినీళ్ళు అడిగారు. రాట్నం ఒకసారి ఆగగానే భిక్షం గుర్రం దిగి, తల తిరుగుతుంటే తూలుతూ ఊరి పొలిమేర వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే సోమమ్మ నెత్తి మీద ఒక కడవ, చంకలో ఒక కడవతో వస్తూ కనిపించింది. పెద్దసారు ఒక చెంబుడు తాగారు. ఇంకో చెంబు తాగారు. మూడో చెంబుతో పుక్కిలించి నేల మీద ఉమ్మి, ఆశ్చర్యంగా రామచంద్రం గారి వైపు తిరిగారు.

"ఏమండీ, కొబ్బరినీళ్ళలా ఉన్నాయి! ఊళ్ళో ఇంత మంచి నీళ్ళు పెట్టుకొని వీళ్ళు గొట్టమెందుకు అడిగినట్టు?"

"గవి మా ఊరి నీళ్ళు గావు సారూ, మూడు మైళ్ళ నుంచి మోసుకొచ్చినయి" అని భిక్షం అరిచాడు. రాట్నం మళ్ళీ కిర్రుమంటోంది, మైకు కుయ్యిమంటోంది. పెద్దసారు జీపు మెట్టు మీద కాగితాల కట్ట పెట్టుకొని, "నీటిని స్వయంగా రుచి చూడడమైనది. బాగున్నది. ఈ విషయం ఇంతటితో ముగించడమైనది" అని రాసి సంతకం పెట్టారు. పచ్చ సిరాతో పెట్టారు. ఏ పచ్చో మీరే అనుకోండి.

జీపులు పోయాక సోమమ్మ కడవల్లోకి వంగి చూసింది. అడుగున తడి మాత్రం ఉంది. చుట్టకుదురు సర్దుకొని, కొంగు నడుముకు బిగించింది.

"మళ్ళ పోతున్నవానే?" అన్నాడు భిక్షం.

"పోకుంటె ఎట్లయ్యా? అత్తకు తాగనీకి చుక్క లేదు."

అన్నట్టు, యోహాను రాసిన అరవై మూడు నోళ్ళ పట్టికలో సోమమ్మ పేరు లేదు. పరీక్షప్పుడు ఆమె నీళ్ళకు పోయింది. రాట్నం ఎక్కించినప్పుడూ నీళ్ళకే పోయింది. అందువల్ల ఆమె పళ్ళు ఏ వైపో, ఎన్నో మెట్టో, ఎంత దూరమో ప్రభుత్వానికి తెలియదు. మీకూ తెలియదు. ఇంతసేపూ పచ్చ అంటే ఏ పచ్చ అని మనమంతా ఎంతో శ్రద్ధగా ఆలోచించాం గాని, ఆమెను ఒక్కసారి నోరు తెరవమని ఎవరమూ అడగలేదు.

ఇంత పెద్ద కథ చదివారు, మీకు దాహం వేసి ఉంటుంది. మొహమాటపడకండి, అడగండి. ఆమె ఎలాగూ బావికే పోతోంది.